రంపం తిన్నంత తిరిగి పెట్టాలి: చెక్క పెన్ను మీద ముడి డిజైన్ చేసే పద్ధతి

నా టేబుల్ మీద ఒక పెన్ను ఉంది. ఒళ్లంతా నల్లటి ఇరుగుడు చెక్క, అంటే రోజ్‌వుడ్. నడుం కింద మాత్రం నాలుగు తెల్లటి గీతలు ఒకదాని కిందనుంచి ఒకటి దూరి, జడ అల్లినట్టు పెనవేసుకుని ఉంటాయి. చూసినవాళ్లు చాలామంది "పెయింట్ చేశారా?" అని అడుగుతారు. ఆ గీతలు అంకుడు కర్ర బద్దలు. చెక్కను నాలుగు వైపుల నుంచి ఏటవాలుగా కోసి, ప్రతి కోతలోనూ ఒక తెల్ల బద్ద అతికించి, చివర్లో గుండ్రంగా చెక్కితే ఆ ముడి దానంతట అదే బయటపడుతుంది. బయటి దేశాల్లో దీన్ని సెల్టిక్ నాట్ అంటారు. నేను ముడి అనే అంటాను.

లేత్ మీద, అంటే కడ్డీని గిరగిరా తిప్పుతుంటే ఉలి పెట్టి చెక్కే యంత్రం మీద, పెన్ను చేసే పని మనకు కొత్తదేం కాదు. రాజమండ్రిలో 1930ల నుంచీ లేత్ మీద ఎబొనైట్ (గట్టి రబ్బరు) కడ్డీలు చెక్కి రత్నం పెన్నులు చేస్తున్నారు. ఏటికొప్పాకలో లేత్ మీద అంకుడు కర్ర తిప్పి లక్క బొమ్మలు చేస్తారు. పాత తెలుగులో లేత్‌కి తరిమెన అనే మాట కూడా ఉంది. కాబట్టి చెక్క గురించీ, తిప్పడం గురించీ అడిగి తెలుసుకోవడానికి మన దగ్గర మనుషులున్నారు. నాకైతే ఈ పనిలో అసలు పాఠం మా వీధి చివర వడ్రంగి మేస్త్రి దగ్గర దొరికింది. అది తర్వాత చెబుతాను.

చెక్క

ముదురు రంగు ఒకటి, లేత రంగు ఒకటి చాలు. మొదటి పెన్నుకే నాలుగైదు రంగులు కలపాలని చూడకండి. ముదురుకి ఇరుగుడు, చింత చేవ, నల్ల తుమ్మ చేవ బాగుంటాయి. లేతకి అంకుడు. అది దంతంలా తెల్లగా ఉంటుంది, గ్రెయిన్ (చెక్క నార) సన్నగా ఉంటుంది, పలచటి బద్దగా కోసినా పెళుసుగా విరగదు. పనస చెక్క పసుపు రంగు మొదట్లో కళ్లు చెదిరేలా ఉంటుంది కానీ, వెలుగు తగిలేకొద్దీ గోధుమరంగులోకి దిగుతుంది. అది తెలిసే వాడండి. కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి మాత్రం దీనికి పనికిరాదు. గోరు గుచ్చితే దిగేంత మెత్తన. ఇరుగుడు పక్కన అతికిస్తే ఉప్పుకాగితం పట్టేటప్పుడు అదొక్కటే అరిగి గాడి పడుతుంది.

ఎర్రచందనం జోలికి వెళ్లకండి. సరైన కాగితాలు లేకుండా చిన్న ముక్క కొన్నా చట్టంతో చిక్కే. పైగా దాని ఎర్ర పొడి పక్కనున్న తెల్ల చెక్కలోకి ఇంకిపోతుంది.

చెక్క ముక్కలు వడ్రంగి షాపుల్లో, సామిల్లుల్లో పక్కన పడేసినవే దొరుకుతాయి. మనకు కావలసింది జానెడు కన్నా చిన్న ముక్క. అయితే అది బాగా ఆరి ఉండాలి. చూడటానికి ఆరినట్టే ఉంటుంది, నమ్మకూడదు. వంటింట్లో వాడే డిజిటల్ కాటా మీద వారానికోసారి తూచి, బరువును ముక్క మీదే పెన్సిల్‌తో రాసుకోండి. వరసగా మూడు వారాలు బరువు తగ్గకపోతే ఆరినట్టు. పచ్చి చెక్కతో చేస్తే పెన్ను పూర్తయిన నెలకో రెండు నెలలకో అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక కనిపిస్తుంది. అప్పుడిక చేసేదేం ఉండదు.

కిట్, పనిముట్లు

మొదటిసారికి స్లిమ్‌లైన్ అనే తిప్పుడు బాల్‌పెన్ కిట్ కొనండి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రెండు ఇత్తడి ట్యూబులు, ముక్కు, తిప్పే మెకానిజం, మధ్య రింగు, క్లిప్పు, పై టోపీ, రీఫిల్ అందులోనే వస్తాయి. ట్యూబు 7 మిల్లీమీటర్ల లావు, దాదాపు 53 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. కిట్‌ని బట్టి కొద్దిగా మారుతుంది కాబట్టి చేతికి వచ్చాక కాలిపర్‌తో కొలవండి. దానికి సరిపడే మాండ్రెల్ (చెక్క ముక్కల్ని గుచ్చి లేత్‌కి బిగించే కడ్డీ), బుష్‌లు (ముక్కల చివర్లు ఎంత లావుకు దిగాలో చూపే లోహపు ఉంగరాలు) కూడా తీసుకోవాలి.

చిన్న లేత్ చాలు. మిగతావి: సన్న పళ్ల టెనన్ రంపం, మూలమట్టం, వెర్నియర్ కాలిపర్, నాలుగు క్లాంపులు, 7 మి.మీ. బ్రాడ్ పాయింట్ బిట్, స్టాండ్ డ్రిల్లు, ఒక మందపాటి గాజు పలక. చెక్కకు చెక్క అతకడానికి ఫెవికాల్, ఇత్తడికి చెక్క అతకడానికి అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల ఎపాక్సీ, పాలిష్‌కి పల్చటి సూపర్‌గ్లూ.

మొహానికి షీల్డ్, ముక్కుకు మంచి మాస్క్ తప్పనిసరి. ఇరుగుడు పొడి చాలామందికి తుమ్ములు, దురద తెప్పిస్తుంది. లేత్ దగ్గర గ్లవ్స్ వేసుకోవద్దు. చున్నీ, కండువా, వదులు చేతుల చొక్కా ఏవీ ఉండకూడదు, జుట్టు ముడి వేసుకోవాలి. తిరుగుతున్నదానికి గుడ్డ చిక్కితే చెయ్యి వెనక్కి తీసుకునే టైమ్ ఉండదు.

బ్లాంక్ తయారీ

బ్లాంక్ అంటే పెన్నుగా చెక్కబోయే పలకల ముక్క. ముదురు చెక్కను 20 × 20 మి.మీ. మందంతో, 140 మి.మీ. పొడవుతో కోసి, నాలుగు వైపులా చిత్రిక పట్టండి. ఇక్కడ తొందరపడొద్దు. నాలుగు మూలలూ మూలమట్టానికి అతుక్కోవాలి. కాలిపర్‌తో ఆ చివర, ఈ చివర, మధ్యలో కొలవండి. తేడా 0.1 మి.మీ. దాటితే గాజు పలక మీద ఉప్పుకాగితం పరిచి, దాని మీద రుద్ది సరిచేయండి. ఎందుకంటే మనం ఈ బ్లాంక్‌ని నాలుగుసార్లు దొర్లించి నాలుగు పక్కల నుంచీ కోస్తాం. పలకలు సమానంగా లేకపోతే నాలుగు కోతలూ ఒకే కేంద్రంలో కలవవు, ముడి వంకరపోతుంది.

పలకల మీద 1, 2, 3, 4 అని వరసగా అంకెలు వేయండి. ముక్కు వచ్చే చివర ఒక బాణం గుర్తు పెట్టండి.

ముడి ఎక్కడ రావాలి? పై సగంలో పెడితే క్లిప్పు సగం ముడిని కప్పేస్తుంది. నేను కింది సగంలో, మధ్య రింగుకు కాస్త దగ్గరగా పెడతాను. ముక్కు చివర నుంచి 36 మి.మీ. దగ్గర ముడి కేంద్రం వస్తే చూపుకి బాగుంటుంది. రెండో ముడి వద్దు. పెన్నుకి ఒక ముడి ఉంటేనే కన్ను అక్కడ ఆగుతుంది.

కోత పెట్టె

టేబుల్ సా ఉంటే మంచిదే కానీ, నేను ఇప్పటికీ చేతి రంపంతోనే కోస్తాను. 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క మీద 30 మి.మీ. ఎత్తున్న రెండు టేకు పట్టీలు సమాంతరంగా బిగించండి. మధ్యలో బ్లాంక్ బిగువుగా జారాలి, కదలకూడదు. ఆ పట్టీల పై అంచుల మీద, ఒకదాన్నుంచి ఇంకోదానికి 45 డిగ్రీల గీత గీసి, మీరు వాడబోయే రంపంతోనే గాడి కోయండి. బాణం గుర్తున్న చివర ఆనడానికి, గాడి మధ్య నుంచి 36 మి.మీ. దూరంలో ఒక ముక్క అడ్డంగా స్క్రూతో బిగించండి. ఏ పలక పైకి ఉన్నా ప్రతిసారీ ఆ చివరే ఈ అడ్డానికి ఆనాలి.

రంపం పూర్తిగా కిందికి తెగకూడదు. అడుగున 1.5 మి.మీ. చెక్క వదలాలి. ఆ కొంచెం చెక్కే బ్లాంక్‌ని ఒక్క ముక్కగా పట్టి ఉంచుతుంది, అతికేటప్పుడు అటూ ఇటూ జరగనివ్వదు. లేత్ మీద పెన్ను 10, 11 మిల్లీమీటర్లకు దిగేసరికి ఆ వదిలిన భాగం ఎలాగూ పొట్టులో కలిసిపోతుంది. దీనికోసం రంపం బ్లేడుకు రెండు వైపులా సన్న బద్దలు బిగించి, పళ్లు 28.5 మి.మీ. మాత్రమే కిందికి దిగేలా చేయండి. బద్దలు పట్టీల అంచు మీద ఆనగానే రంపం ఆగిపోతుంది.

45 డిగ్రీల కోతతో 10 మి.మీ. లావు పెన్ను మీద ముడి కూడా దాదాపు 10 మి.మీ. పొడవే వస్తుంది. ఏటవాలు పెంచి 60 డిగ్రీలు చేస్తే 17 మి.మీ. దాకా సాగుతుంది. చూడటానికి అదే నాజూకు, కానీ కోత పొడవు పెరిగి రంపం పక్కకు లాగుతుంది. మొదట 45తో చేయి కుదరనివ్వండి.

బద్ద మందం

పని అంతా ఇక్కడే ఉంది.

నేను మొదటిసారి చేసినప్పుడు దొరికిన వెనీర్ (పల్చటి చెక్క రేకు) ముక్కను కోతలో పెట్టి అతికేశాను. వెనీర్ అర మిల్లీమీటరే ఉంటుంది, నా రంపం కోత మిల్లీమీటరు పైనే. జిగురు ఉంది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. నాలుగు కోతలూ అయ్యాయి, లేత్ మీద చెక్కాను. గీతలు ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా తెగిపోయి, మెట్టు దిగినట్టు పక్కకు జరిగి ఉన్నాయి. వారం పని. ఆ ముక్క తీసుకుని మేస్త్రి దగ్గరికి వెళ్తే, ఆయన కళ్లజోడు పైకి నెట్టి, గోటితో ఆ మెట్టు తడిమి చూసి అడిగాడు: "రంపం తినేసిన చెక్క ఎక్కడికి పోయిందయ్యా? అది తిన్నంతా నువ్వు తిరిగి పెట్టావా?"

అంతే విషయం. రంపం ఒక మిల్లీమీటరు చెక్కను పొట్టు చేసింది. ఆ ఖాళీలో మిల్లీమీటరు బద్ద పెడితే, అంతకుముందు అతికిన గీత అటూ ఇటూ ఉన్న రెండు ముక్కలూ పాత చోటుకే వస్తాయి, గీత తిన్నగా సాగుతుంది. అర మిల్లీమీటరు పెట్టి క్లాంప్ బిగిస్తే కోతకు రెండు పక్కలా ఉన్న చెక్క దగ్గరికి జరుగుతుంది. దాంతో పాత గీత సగం ముక్క ముందుకొస్తుంది. మరీ మందంగా పెడితే దానికి ఎదురు వైపు జరుగుతుంది, అడుగున వదిలిన చెక్క కూడా చీలుతుంది.

కాబట్టి అంకెలు నమ్మకండి, రంపాన్నే అడగండి. బ్లాంక్ చేయగా మిగిలిన ముదురు చెక్క ముక్కను అదే కోత పెట్టెలో, అదే రంపంతో కోయండి. అంకుడు కర్ర నుంచి 20 మి.మీ. వెడల్పు, 32 మి.మీ. పొడవు, కోత కన్నా ఒక పిసరు మందంగా నాలుగైదు బద్దలు తీయండి. గ్రెయిన్ పొడవు వెంట ఉండాలి. బద్దను గాజు పలక మీద 220 నంబర్ ఉప్పుకాగితంపై పెట్టి, పైన చిన్న చెక్క ముక్కతో నొక్కి పట్టి, ఎనిమిది ఆకారంలో రుద్దుతూ తగ్గించండి. పది రుద్దులకోసారి ఆ నమూనా కోతలో పెట్టి చూడండి. బొటనవేలితో నెడితే దిగాలి, తలకిందులు చేస్తే పడిపోకూడదు. జిగురు తడికి బద్ద కొంచెం ఉబ్బుతుంది కాబట్టి మరీ బిగువుగా కూడా వద్దు. ఈ ఒక్క పనికి నేను ఒక సాయంత్రం మొత్తం కేటాయిస్తాను. అది వృథా అని ఎప్పుడూ అనిపించలేదు.

నాలుగు కోతలు, నాలుగు రాత్రులు

1వ పలక పైకి పెట్టి, చివర అడ్డానికి ఆనించి కోయండి. రంపాన్ని నొక్కకండి, దాని బరువుకే దిగనివ్వండి. కోతలో పొట్టు లేకుండా టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయండి. ఇరుగుడు, టేకు లాంటి నూనె చెక్కలైతే కోత లోపల అసిటోన్ ముంచిన కాగితంతో ఒకసారి తుడవండి, లేకపోతే జిగురు పట్టదు. బద్దకు రెండు వైపులా ఫెవికాల్ పల్చగా రాసి, కోత అడుగు దాకా దించండి. పొడవు వైపు నుంచి మెల్లగా క్లాంప్ బిగించండి. ఫెవికాల్ సన్న పూసల్లా బయటికి వస్తే చాలు.

రాత్రంతా వదిలేయండి. నాలుగు గంటలకే ఆరినట్టు కనిపిస్తుంది, మర్నాటి దాకా ముట్టుకోవద్దు. పొద్దున పైకి పొడుచుకొచ్చిన బద్దను పదునైన ఉలితో బ్లాంక్ మట్టానికి కోయండి. బ్లాంక్ చెక్క మాత్రం ఒక్క పొర కూడా పోకూడదు, పోతే మనం సాధించిన సమానత్వం పోయినట్టే. చివర్లో గాజు పలక మీద రెండు రుద్దులు, అంతే.

తర్వాత 3వ పలక, ఆ తర్వాత 2, చివరికి 4. ప్రతి కొత్త కోత పాత బద్దల్ని తెంచుకుంటూ వెళ్తుంది. అందువల్ల చివరి బద్ద ఒక్కటే ఎక్కడా తెగకుండా నిండుగా ఉంటుంది, మొదటిదాన్ని మిగతా మూడూ తెంచుకుంటూ దాటుతాయి. అల్లినట్టు కనిపించే భ్రమ దీనివల్లే వస్తుంది. చివరి బద్దను వేరే రంగులో పెట్టి చూడండి, వరస మీకే అర్థమవుతుంది.

నాలుగోది అతికాక రెండు రోజులు ఆగడం మంచిది.

బెజ్జం

ముక్కు చివర నుంచి 58 మి.మీ. దగ్గర బ్లాంక్‌ని రెండుగా కోయండి. రెండో ముక్కను కూడా 58కే తగ్గించండి. మధ్యలో కలిసే రెండు చివర్ల మీదా గుర్తు పెడితే, చివర్లో గ్రెయిన్ ఒకదాన్నుంచి ఒకదానికి సాగుతుంది.

చివర మీద మూల నుంచి మూలకు రెండు గీతలు గీస్తే కలిసిన చోటే కేంద్రం. బిట్ సరిగ్గా అక్కడే దిగాలి. బెజ్జం అర మిల్లీమీటరు పక్కకు పోతే లేత్ మీద ఒక వైపు ఎక్కువ చెక్క పోయి, ముడిలో ఒక గడి పెద్దది, ఒకటి చిన్నది అవుతుంది.

స్పీడ్ నిమిషానికి 1000 చుట్ల లోపే ఉంచండి. 8 మి.మీ. దిగాక బయటికి తీసి పొట్టు దులపండి, మళ్లీ దించండి. బిట్‌ని అప్పుడప్పుడు ముట్టుకుని చూడండి (డ్రిల్ ఆపాకే). చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే పక్కన పెట్టి టీ తాగి రండి. వేడికి ఫెవికాల్ మెత్తబడుతుంది, ముడి లోపలే విచ్చుకుంటుంది. సరిగ్గా ముడి ఉన్న చోట మరీ నెమ్మదిగా పోవాలి. అడుగున పనికిరాని చెక్క ముక్క ఒకటి పెడితే బిట్ బయటికొచ్చే చోట అంచు చితకదు.

ట్యూబ్ అతకడం

ఇత్తడి ట్యూబును 150 నంబర్ ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా గీకండి. రెండు చివర్లూ కొవ్వొత్తి మైనంలో గుచ్చితే లోపలికి జిగురు వెళ్లదు. ఎపాక్సీ సమానంగా కలిపి, ట్యూబుకూ బెజ్జానికీ రాసి, మెల్లగా తిప్పుతూ దించండి. రెండు వైపులా చెక్క సమానంగా మిగలాలి. మర్నాడు చివర్లను ట్రిమ్మర్‌తో (ట్యూబులో దూర్చి చివరను చదును చేసే బిట్) ఇత్తడి మెరిసేదాకా చదును చేయండి. ఇత్తడి కనిపించగానే ఆపాలి. ఇంకా కోస్తే ట్యూబు పొట్టిదై, తర్వాత రీఫిల్ ఎక్కువ బయటికొస్తుంది.

లేత్ మీద

బుష్, ముక్క, బుష్, ముక్క, బుష్ వరసలో మాండ్రెల్‌కి ఎక్కించండి. నట్టు చేతి బిగువు చాలు. ఎక్కువ బిగిస్తే మాండ్రెల్ సన్నగా వంగి, పెన్ను ఒక వైపు లావుగా వస్తుంది. ఆన్ చేసే ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి, టూల్ రెస్ట్‌కి (ఉలి ఆనించే పట్టీకి) తగలడం లేదని చూసుకోండి.

మూలలు పోయేదాకా 1500 చుట్ల దగ్గర, తర్వాత 2500 దాకా పెంచవచ్చు. ఉలి పదునుగా ఉండాలి, కోత పల్చగా ఉండాలి. మామూలు చెక్కలో గ్రెయిన్ ఒకే దిక్కున ఉంటుంది, ముడిలో నాలుగు దిక్కులా ఉంటుంది. మొద్దు ఉలి ఎక్కడో ఒక బద్ద అంచు పట్టుకుని పీకేస్తుంది. మంచి ఉలి పెడితే చప్పుడు సన్నగా, బియ్యం జల్లిస్తున్నట్టు వినిపిస్తుంది. అది 'టక టక' మనడం మొదలైతే వెంటనే ఆపి పదును పెట్టండి. 12 మి.మీ. లావుకు వచ్చాక లేత్ ఆపి, ముడి చుట్టూ పల్చటి సూపర్‌గ్లూ చుక్కలు వేయండి. అతుకుల్లోకి పీల్చుకుని గట్టిపడుతుంది. ఆరాక మళ్లీ మొదలుపెట్టి, రెండు చివర్లూ బుష్‌ల మట్టానికి, మధ్యలో కాస్త పొట్ట ఉండేలా దించండి.

నునుపు, మెరుపు

220, 320, 400, 600 నంబర్లు వరసగా. ప్రతి నంబర్ అయ్యాక లేత్ ఆపి, పొడవు దిక్కున నాలుగు రుద్దులు ఇచ్చి అడ్డ గీతలు పోగొట్టండి. ఆ తర్వాత పొడిని బ్రష్‌తోనో గాలితోనో పూర్తిగా దులపాలి. ఇరుగుడు పొడి అంకుడు బద్దల్లో దిగిందంటే తెల్ల గీత బూడిద రంగుకి తిరుగుతుంది. తడిగుడ్డతో, స్పిరిట్‌తో తుడవకండి, రంగు ఇంకా పాకుతుంది. ఉప్పుకాగితాన్ని గట్టిగా నొక్కినా వేడికి అతుకు తెరుచుకుంటుంది.

మెరుపుకి రెండు దార్లున్నాయి. ఫ్రెంచ్ పాలిష్ పూస్తే చెక్క చెక్కలా కనిపిస్తుంది, కానీ రోజూ రాసే పెన్ను మీద చెమటకి కొన్ని నెలల్లో మసకబారుతుంది. అందుకే ముడి పెన్నుకి నేను సూపర్‌గ్లూ పూతే వేస్తాను. టిష్యూ పేపర్ మడత మీద రెండు చుక్కలు వేసి, నెమ్మదిగా తిరుగుతున్న పెన్ను కింది వైపు నుంచి ఒక్కసారి అటూ ఇటూ నడపాలి. ఆరాక మళ్లీ. ఎనిమిది నుంచి పది పూతలు. నూలు గుడ్డ వాడొద్దు, సూపర్‌గ్లూ నూలుకి తగిలితే చెయ్యి కాలేంత వేడి పుడుతుంది. కిటికీ తెరిచి పెట్టండి, ఆ ఆవిరి కళ్లను మండిస్తుంది. పూతలు పూర్తిగా గట్టిపడ్డాక 1000 నంబర్‌తో మొదలుపెట్టి తడి సాండింగ్, చివర్లో మెత్తటి పాలిష్.

ఏటికొప్పాక పద్ధతిలో తిరుగుతున్న చెక్క మీద రంగు లక్క ఒత్తి, మొగలాకుతో మెరుపు తేవడం నాకు ఎంతో ఇష్టమైన పని. కానీ రంగు లక్క ముడిని కప్పేస్తుంది. దాన్ని డిజైన్ లేని సాదా పెన్నుకి ఉంచుకోండి.

కూర్చడం

బుష్‌ల నుంచి ముక్కలు విడదీసేటప్పుడు అంచున సూపర్‌గ్లూ అతుక్కుని ఉంటుంది. అక్కడ బ్లేడుతో ముందే చిన్న గాటు పెట్టండి, లేకపోతే పూత పెచ్చుగా లేస్తుంది. ట్యూబు లోపల గట్టిపడిన జిగురును గుండ్రటి ఆకురాయితో తీసేయండి. అది ఉండగా ముక్కును ఒత్తితే ఇన్నాళ్ల ముడి ఒక్క చిటుక్కుమనే శబ్దంతో చీలుతుంది.

బెంచ్ వైస్ దవడలకు చెక్క ముక్కలు ఆనించి, ముందు కింది ముక్కకు ముక్కును తిన్నగా ఒత్తండి. తర్వాత రెండో వైపు నుంచి మెకానిజం. దాని మీదుండే గుర్తుకి రెండు మిల్లీమీటర్ల ముందే ఆపి, రీఫిల్ పెట్టి తిప్పి చూడండి. మొన ఇంకా బయటికి రావాలంటే అర మిల్లీమీటరు ఒత్తి మళ్లీ చూడండి. ఎక్కువ దిగిన మెకానిజం ఇక వెనక్కి రాదు. పై ముక్కకు క్లిప్పు, టోపీ ఒత్తి, మధ్య రింగు తొడిగి, రెండు సగాలనూ కలపండి. మీరు పెట్టుకున్న గుర్తులు ఎదురెదురుగా వచ్చేలా తిప్పితే గ్రెయిన్ కలుస్తుంది. రీఫిల్ తిప్పి, ఒక పాత కాగితం మీద మీ పేరు రాసి చూడండి. మొన కదలకుండా రాస్తోందంటే పెన్ను సిద్ధం.